మా మనవరాలి పిర్రలపై నాలుగు పూతలు

అమీర్‌పేటలో మేముండే గల్లీలో నలభై ఐదు రోజుల్లో నేర్పలేని విద్య లేదు. ఏ గోడ చూసినా ఏదో ఒక కోర్సు, ఏ స్తంభం చూసినా ఉచిత డెమో. ఇరవై రెండేళ్లుగా ఆ కోర్సులన్నింటి నోట్సునూ జిరాక్సు తీసి, పిన్నులు కొట్టి, అట్టలేసి అమ్ముతున్నవాణ్ని నేను. ఒక్కటీ చదవలేదు గానీ, అన్నీ నా చేతుల మీదుగానే పోయాయి కాబట్టి అన్నీ వచ్చునన్న ధీమా మాత్రం ఒంటికి పట్టింది. అది నా ఒక్కడి జబ్బు కాదు, గల్లీ గాలిలోనే ఉంది. ఇక్కడ మూడు నెలలు అద్దెకున్నవాడు నాలుగో నెల నుంచి ఇంకొకడికి పాఠం చెబుతాడు. ఇంతమంది గురువులు కాపురముండే చోట, నాలుగు నెలలు నిండిన ఒక పసిదాని పిర్రలు ఎర్రబడ్డాయి.

పసిది మా మనవరాలు. కాన్పుకు వచ్చిన మా అమ్మాయి ఇంకా మా ఇంట్లోనే ఉంది. అల్లుడు ఆఫీసు పని మీద బెంగళూరులో ఉండి, రోజుకు పది లింకులు పంపుతూ తండ్రి బాధ్యత నెరవేరుస్తున్నాడు. అమ్మాయి సెలవు మూడు వారాల్లో అయిపోతుంది. ఆ సోమవారం తను ఆఫీసుకు వెళ్లాలి, పాప పగలంతా మా దంపతుల దగ్గర ఉండాలి, పంజాగుట్టలో ఉండే మా వియ్యపురాలు పదింటికల్లా వచ్చి ఒక చెయ్యి వెయ్యాలి. ఇదీ ఒప్పందం. అందరం తలలూపాం. పాప అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆమె దాన్ని ఒక బుధవారం పొద్దున డైపర్ విప్పగానే తెలియజేసింది.

రెండు వైపులా చెరో అరచేయంత ఎరుపు. తడి గుడ్డ తగిలితే చాలు, పాప పెట్టే కేకకు మెట్రో స్టేషన్లో జనం ప్లాట్‌ఫారం మారేవారని నా అనుమానం.

మా అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని మా ఇద్దరినీ చూసింది. "నేను ఇంట్ల ఉన్నప్పుడే గిట్లుంటే, నేను పోయినంక ఎట్లుంటది? ఇది తగ్గకపోతే నేను పోను. ఉద్యోగానికి పేపర్లు పెట్టేస్త."

మా వంశంలో తిరిగే కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి మా అమ్మాయి. ఆ కుర్చీ కోసం ఇదే గల్లీలో మూడు కోర్సులు చేసింది. నేను జిరాక్సు తీసిన నోట్సును చదివిన ఏకైక వ్యక్తిగా నాకు తెలిసింది ఆమే. అలాంటి కుర్చీ ఒక పిడికెడు పిర్రల దగ్గర పోతుందా?

"ఫికర్ చెయ్యకు బిడ్డా. రెండు దినాలల్ల తగ్గిస్త," అన్నాను. డెమో క్లాసులో మాట్లాడినంత ధైర్యంగా.

ముందుగా రంగంలోకి దిగింది నా భార్య. ఆమెకు కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తే లోకంలో తగ్గనిది లేదు. మోకాలి దెబ్బకు అదే, తలుపు కిర్రుమంటే అదే. మా జిరాక్సు మిషన్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడు కూడా ఒకసారి గిన్నె పట్టుకుని వచ్చింది. "మా అమ్మ మమ్మల్ని ఐదుగుర్ని దీంతోనే పెంచింది. డైపర్లు లెవ్వు, డాక్టర్లు లెవ్వు," అని పాపను పచ్చగా, నిగనిగలాడేట్టు చేసింది. ఆ కాలంలో డైపర్లు లేవు కాబట్టే డైపర్ పుండ్లూ లేవన్న సంగతి నాకు తట్టింది గానీ, భోజనం వేళ దగ్గరపడుతుండటంతో మింగేశాను.

పదింటికి వియ్యపురాలు వచ్చింది, అలవాటు కావాలని ఒప్పందానికి ముందు నుంచే రోజూ వస్తోంది. చేతిలో స్టీలు క్యారియర్, చంకలో పౌడరు డబ్బా. ఆ డబ్బా లేకుండా ఆవిడను పెళ్లిపందిరిలో కూడా చూడలేదు. పాపను చూసి బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేంటి వదినగారూ! ఇలా జిడ్డు చేసేశారేంటి? పిల్ల ఒళ్లు పొడిగా ఉండాలండీ, పొడిగా!"

"నూనె లేకుంటే మంట బెడ్తది వదినా."

"మంటకు పౌడరే మందండీ. మా అబ్బాయిని చూడండి, ఎలా ఉన్నాడో!"

మా అల్లుడి ముప్పై రెండేళ్ల పిర్రల్ని సాక్ష్యానికి పిలవడం సభామర్యాద కాదు కాబట్టి వాదం అక్కడ ఆగింది. వాదమే ఆగింది, వైద్యం కాదు. మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. వియ్యపురాలి ముందు అసలే పోట్లాడకూడదు. వియ్యపురాలేమో మా ముందు నోరు జారకూడదు. ఇంత మర్యాద పేరుకుపోయిన ఇంట్లో మిగిలిన దారి ఒక్కటే. ఎవరికి వాళ్లు ఎదుటివాళ్లు లేనప్పుడు చూసి రాయడం. నా భార్య వంటింట్లోకి వెళ్లగానే వియ్యపురాలు తలుపు దగ్గరగా వేసి డబ్బా తిప్పేది, గది అంతా తెల్లటి పొగమంచు. వియ్యపురాలు ఆటో ఎక్కగానే నా భార్య నూనెగిన్నె తీసేది. ఈ ఇద్దరికీ తెలియకుండా మా అమ్మాయి, అల్లుడి లింకుల్లోంచి తెప్పించిన తెల్ల క్రీము ఒకటి రాసేది. ఒకరు రాసింది ఇంకొకరు కడిగేవారు కారు. కడిగితే రాసిన సంగతి తెలిసిందని ఒప్పుకున్నట్టు. పైనే రాసేవారు.

డైపర్ మార్చడం మాత్రం ఎవరి శాఖా కాదు. పాకెట్ మీద పన్నెండు గంటలని అచ్చువేసి ఉంది. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం నా వృత్తిధర్మం. అది పాప మోకాళ్ల దాకా వేలాడి, నడక రాని పాపకు నడక భారమయ్యే స్థితికి వచ్చినప్పుడు, "నిండినట్టుంది," అని ఎవరో ఒకరు అనేవారు.

ఇప్పుడు నా సంగతి. చెప్పకుండా దాటేద్దామని రెండు పేజీలు ఊరించాను గానీ తప్పదు.

నా షేవింగు పెట్టెలో ఒక ట్యూబు ఉంది. ఎండాకాలం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జిరాక్సు మిషన్ పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే మగాడికి ఎక్కడ ఏమొస్తుందో చెప్పనక్కర్లేదు. గల్లీ చివర మందుల షాపులో చీటీ లేకుండా, నోరు తెరవకుండా, ముఖం చూసే ఇచ్చేస్తారు. మా గల్లీలో ఆ ట్యూబు లేని మగాడి షేవింగు పెట్టె లేదని నా నమ్మకం. పొద్దున రాస్తే సాయంత్రానికి ఎరుపు పరారీ. నెల తిరగ్గానే పెళ్లాం బిడ్డలతో సహా తిరిగి వస్తుంది. మళ్లీ రాస్తాం.

శుక్రవారం పొద్దున నా భార్య స్నానానికి వెళ్లింది. అమ్మాయి ఫోన్లో ఆఫీసువాళ్లతో మాట్లాడుతోంది. పాప నన్ను చూసి బోసినవ్వు నవ్వింది. రెండు దినాలల్ల తగ్గిస్తనని మాటిచ్చిన మనిషిని నేను, రెండు దినాలూ అయిపోయాయి. పెద్దవాళ్లకే అంత పనిచేసే మందు ఇంత చిన్న ఒంటికి ఎంత పనిచేయాలి! బియ్యపు గింజంత తీసుకుని పూశాను. శనివారం ఇంకో గింజ. ఆదివారం ఇంకొకటి.

ఆదివారం సాయంత్రానికి ఎరుపు మాయం. పాల మీగడలా ఉన్నాయి పిర్రలు.

ఆ రోజు నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. "చూసినవా, నూనె మహిమ!" అని నా భార్య. "పౌడరండీ, ఏమనుకున్నారు!" అని వియ్యపురాలు. అమ్మాయి తన క్రీము డబ్బా వైపు ఒక రహస్యపు చిరునవ్వు విసిరింది. ముగ్గురూ విజేతలే. అసలు విజేత సోఫాలో కూర్చుని, పేపరు తిరగేసి పట్టుకుని, లోపల్లోపల ఊరేగుతున్నాడు. చెబుదామంటే, మందు పేరు తర్వాత వచ్చే ప్రశ్న, "నీకెందుకుంది అది?"

తగ్గింది కదా అని సోమవారం నుంచి రాయడం మానేశాను.

గురువారానికి తిరిగి వచ్చింది. వచ్చిన తీరు చూస్తే మొదటిసారి వచ్చింది విడిది చూసుకోవడానికేననిపించింది. ఈసారి తొడల మడతల్లోకి పాకింది, మాంసం రంగుకు తిరిగింది, చుట్టూ ఆవాలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు. పాప ఏడవడం కూడా మారింది. కేక లేదు. సన్నగా, ఆగకుండా, అలసిపోయినట్టు. ఆ ఏడుపు మీద మాత్రం నాకు హాస్యం పుట్టలేదు.

నేరం ఎవరిదన్న విచారణ మర్యాదగానే మొదలైంది. నూనె వల్ల కావచ్చునని ఒకరు, పౌడరు వల్ల కావచ్చునని ఒకరు, గాలిలోకి చూస్తూ. ఇద్దరూ ఎదురుబొదురుగా ఉండగా ఎవరినీ అనలేరు కదా, చివరికి ఇద్దరికీ అనుకూలమైన ముద్దాయి దొరికింది.

"తల్లి తిన్నదే పిల్లకండీ. మొన్న ఆవకాయ వేసుకుంది, నేను చూశాను," అంది వియ్యపురాలు.

"గదే నేను సుత అంటున్న వదినా. వేడి జేసింది," అంది నా భార్య. వియ్యం అందుకున్నాక ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి.

మా అమ్మాయి కంచంలోని ఆవకాయ ముక్కను అంచుకు నెట్టి, చెయ్యి కడుక్కుని, లాప్‌టాప్ తెరిచింది. నీళ్లిచ్చే వంకతో వెనక నుంచి చూశాను. రాజీనామా మెయిలు. నాలుగే వాక్యాలు. పంపలేదు, దాచిపెట్టింది. "శనివారం డాక్టర్‌కు చూపిచ్చినంక పంపిస్త నాన్నా. నాతోని అయితలేదు. నేనే సరిగ్గ చూసుకోలే," అంది, తెర వైపే చూస్తూ.

షేవింగు పెట్టెలోని ట్యూబు అప్పుడు జేబులోకి మారింది. నా భార్య శుక్రవారం బీరువాలూ పెట్టెలూ సర్దుతుంది. సాక్ష్యం దొరక్కూడదని తీశానో, ఎక్కడైనా పారేద్దామని తీశానో నాకే తెలియదు. శనివారం పొద్దున పంజాగుట్టలో పిల్లల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లేటప్పుడు కూడా అది చొక్కా జేబులోనే ఉంది.

ఒక పాప వెంట నలుగురం లోపలికి వెళ్లాం. డాక్టరమ్మ మా అందరినీ లెక్కపెట్టినట్టు చూసింది. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర.

"ఏం రాస్తున్నారు?"

"ఏం లేదండీ," అని నలుగురం ఒకే గొంతుతో. బడిలో ప్రతిజ్ఞ కూడా అంత కలిసికట్టుగా చెప్పలేదు నేను.

ఆవిడ గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి మెల్లగా తుడిచింది. మొదటి దూదికి తెల్లటి పౌడరు ఉండలుగా వచ్చింది. రెండో దూదికి తెల్ల క్రీము. మూడో దూది పచ్చగా వచ్చి కూర్చుంది. ఆవిడ మూడింటినీ స్టీలు ట్రేలో వరసగా పెట్టి మా వైపు జరిపింది. పాత ఇంటి గోడ గీకితే ఏ పెళ్లికి ఏ సున్నం వేశారో బయటపడినట్టు మా ఇంటి చరిత్రంతా ఆ ట్రేలో ఉంది.

"ఏం రాయకపోతేనే ఇన్ని ఉన్నాయి. రాస్తే ఎన్ని ఉండేవో," అంది. "డైపర్ ఎప్పుడెప్పుడు మారుస్తున్నారు?"

"నిండినప్పుడు," అంది నా భార్య.

"పన్నెండు గంటలని పాకెట్ మీద ఉందండీ," అంది వియ్యపురాలు.

"పాకెట్‌కు పిర్రలున్నాయా అమ్మా?"

వియ్యపురాలు పౌడరు డబ్బాను సంచిలో లోపలికి తోసింది.

డాక్టరమ్మ మడతలు విప్పి చూస్తూ నుదురు ముడిచింది. "మొదట్లో ఇది ఉత్త ఒరిపిడి, తడికి వచ్చింది. ఇప్పుడు ఫంగస్ చేరింది. మధ్యలో ఒకసారి పూర్తిగా తగ్గి, మళ్లీ ఎక్కువగా వచ్చిందా?"

"అవును మేడమ్," అంది అమ్మాయి.

"అయితే ఎవరో స్టెరాయిడ్ ఉన్న ఆయింట్‌మెంట్ ఏదో రాశారు. అది ఎరుపును అణిచేస్తుంది, అడుగున ఫంగస్‌ను మేపుతుంది. పసివాళ్ల చర్మం పలుచన, మందు లోపలికి కూడా పోతుంది. ఎవరు?"

నా భార్య వియ్యపురాలిని చూసింది, వియ్యపురాలు నా భార్యను చూసింది. నన్ను ఎవరూ చూడలేదు. అంత చిన్నచూపు ఉన్నందుకు ఆ క్షణంలో దేవుడికి దండం పెట్టుకున్నాను.

"నాదే తప్పు మేడమ్," అంది అమ్మాయి. "నా క్రీములనే ఏదో ఉన్నట్టుంది. ఇంట్ల ఉండి సుత చూసుకోలేకపోయిన. నేను జాబ్ మానేస్తున్న."

జేబులోంచి ట్యూబు తీసి ట్రేలో, పచ్చటి దూది పక్కన పెట్టాను. పొద్దున నుంచి అదొక్కటే నేను చేసిన మంచి పని.

డాక్టరమ్మ దాన్ని వెలుతురు వైపు పట్టుకుని చదివింది. "ఇది ఎవరు రాసిచ్చారు?"

"మందుల షాపాయన."

"పాపకా?"

"నాకు."

"ఎక్కడ రాసుకోవడానికి?"

వైద్యశాస్త్రానికి అంత వివరం అవసరమా అని నా అభిప్రాయం. వియ్యపురాలు గోడ మీద టీకాల పట్టికను చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది.

"నీ గజ్జి మందా!" అంది నా భార్య. అమీర్‌పేట యాస పంజాగుట్ట చౌరస్తా దాకా వినపడింది. "పసిపిల్లకు! నీకు మెదడున్నదా అసలు?"

"అంటే, రెండు దినాలు మంచిగనే తగ్గింది గదా…"

"తగ్గింది నా నూనెకు!"

"కాదని ఇప్పుడే కదమ్మా చెప్పాను," అంది డాక్టరమ్మ నీరసంగా. తర్వాత అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు తిన్న ఆవకాయ వల్ల కాదు, నీ ఉద్యోగం వల్ల కాదు. నీ క్రీము మంచిదే, ఆ దూది చూస్తేనే తెలుస్తోంది, జింకు ఆక్సైడ్ ఉంది. పౌడరు మీద రాస్తే అంటదు, అంతే." ఆవకాయ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మాలాంటి నలుగురు రోజూ వస్తారేమో.

చీటీ మీద ఫంగస్ మందు ఒకటి, రోజుకు రెండుసార్లు, పలుచగా. దాని మీద ప్రతిసారీ జింకు క్రీము, రొట్టెకు వెన్న రాసినట్టు మందంగా. రెండు గంటలకోసారి డైపర్ మార్చాలి, మలం చేస్తే ఆ నిమిషమే. వాసన వైప్స్ వద్దు, నీళ్లూ దూదీ చాలు; రుద్దొద్దు, అద్దాలి. డైపర్ రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి. పౌడరు అసలొద్దు, తడికి ముద్దవుతుంది, ఎగిరితే పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజుకు నాలుగైదుసార్లు అరగంట సేపు ఏదీ వేయకుండా గాలికి వదలాలి. మూడు రోజుల్లో మలుపు తిరక్కపోయినా, పొక్కులొచ్చినా, జ్వరమొచ్చినా మళ్లీ తీసుకురావాలి. ట్యూబును మాత్రం ఆవిడ నాకు తిరిగి ఇవ్వలేదు. చెత్తబుట్టలో వేసి, నన్ను కూడా ఒక చర్మం డాక్టరుకు చూపించుకోమంది.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి ఆటోలో పాపను ఒళ్లో సర్దుకుంటూ కూర్చుంది. అమీర్‌పేట దగ్గర ఆగిపోయిన బస్సుల వెనక మేమూ ఆగినప్పుడు అంది, "నాన్నా, నువ్వు తప్పు జేసినవని కాదు. మనం నలుగురం నాలుగు రాస్తం, ఒక్కరం చెప్పం. నేను ఆఫీస్‌ల కూసొని ఏమని నమ్మాలె?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. జిరాక్సు మిషన్ ఉంది.

ఆ మధ్యాహ్నమే ఒక పట్టిక గీసి ముప్పై కాపీలు తీశాను. టైము. మార్చింది ఎవరు. తడా, మలమా. గాలి ఎంతసేపు. రాసిందేమిటి. చివరగా ఒక గడి: చెప్పకుండా రాసినవి. ఫ్రిజ్ మీద అంటించి, పెన్నుకు దారం కట్టి వేలాడదీశాను. ఇరవై రెండేళ్లలో నేను సొంతంగా తయారుచేసిన మొదటి స్టడీ మెటీరియల్ అది.

అందరూ నింపారు. నా భార్య చదువుకున్నది తక్కువ, "తడి" అని రాయడానికి ఎప్పుడూ రెండు గళ్లు ఆక్రమించేది. సోమవారం నాడు చివరి గడిలో ముత్యాల్లాంటి అక్షరాలు కనిపించాయి: "పౌడరు, చిటికెడు. అలవాటు కొద్దీ. వెంటనే కడిగేశాను. క్షమించాలి." మర్యాద ఎక్కడికి పోతుంది! నా భార్య అది చదివి, నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయి, వియ్యపురాలికి చాయ్ పెట్టి తెచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరి ముందు ఒకరు గొంతెత్తి పోట్లాడుకుంటున్నారు. ఇంట్లో ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉంది.

మంగళవారానికి చుక్కలు వాడాయి. శుక్రవారానికి ఎరుపు గులాబీ రంగుకు దిగింది. ఆదివారం పాప స్నానం చేయించుకుంటూ నవ్వింది. మా అమ్మాయి ఫ్రిజ్ ముందు నిలబడి ఎనిమిది రోజుల కాగితాలూ మొదటి నుంచి చివరి దాకా చదివింది, ఒకప్పుడు నోట్సు చదివినట్టే, వేలు పెట్టి. తర్వాత లాప్‌టాప్ తెరిచి ఏదో తుడిచేసింది. నేను అడగలేదు.

సోమవారం తను వెళ్లింది. మందుల శాఖ నుంచి నన్ను శాశ్వతంగా తొలగించారు. నాకు మిగిలింది గాలి శాఖ. చాప మీద పాత చీర మడత, దాని మీద ఏమీ వేసుకోని మనవరాలు, ఎదురుగా కాపలాకు నేను. పదకొండింటికి వీడియో కాల్ వచ్చింది. తిరిగే కుర్చీ కొంచెం కనిపించింది.

"ఏం జేస్తున్నది?"

"గాలి తింటున్నది బిడ్డా. మస్తు ఖుషీగున్నది."

"సరే. నాన్నా, చేతులు చూపియ్యి."

"ఏందమ్మా?"

"రెండు చేతులు. ఇటు తిప్పు. అటు తిప్పు. వేళ్ల సందులల్ల సుత."

ఫోను గోడకు ఆనించి, పోలీసులకు దొరికినవాడిలా రెండు చేతులూ పైకెత్తాను. సరిగ్గా అప్పుడే పాప నా పంచె మీదికి ధార వదిలింది. చేతులు దించడానికి ఇంకా అనుమతి రాలేదు.